పద్నాలుగో పంక్తి

జబీనా ఆళ్లగడ్డలో పుట్టింది. నాన్న నూర్ బాషా దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మొదట్లో భుజాన ఏకు విల్లు వేసుకుని, తర్వాత ఆటోలో మిషను పెట్టుకుని రుద్రవరం దాకా ఊళ్లు తిరిగేవాడు. ఇంట్లో ఎక్కడ చూసినా దూది నుసే. బడికి పోయే ముందు పిల్లలు వాకిట్లో నిలబడి ఒకరి తల ఒకరు దులుపుకునేవాళ్లు. స్పాంజి పరుపులు వచ్చాక ఆ పని సన్నగిల్లింది. జబీనా డిగ్రీ రెండో ఏడులో ఉండగా నంద్యాల సంబంధం కుదిరింది. అల్లుడు వాజిద్ ఫ్రిజ్‌లు, కూలర్లు బాగుచేస్తాడు. చదువు మానొద్దని అతను చెప్పాడు గానీ, ఏడాది తిరగకుండా పాప పుట్టింది. చదువు దానంతటదే ఆగిపోయింది.

పాప బడికి పోయే వయసొచ్చాక జబీనా శ్రీనివాస సెంటర్ వెనక సందులో ఒక డీటీపీ షాపులో చేరింది. శుభలేఖలు, కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు, చావు ఫ్లెక్సీలు. ఆమె చేతికి తెలుగు తొందరగా పట్టుబడింది. ఒత్తు తప్పితే ఆమెకు అన్నంలో రాయి తగిలినట్టుండేది. కస్టమరు తప్పు రాసిచ్చినా దిద్దే టైపు చేసేది. దాని వల్ల రెండు మూడుసార్లు తిట్లు కూడా తింది. ఒకాయన కొడుకు పేరు తప్పుగానే రాసుకుంటాడట, అదే కావాలట.

ఆ షాపుకు రోజూ వచ్చే మనిషి వీరభద్రయ్య. రిజిస్ట్రారాఫీసు ఎదురుగా దస్తావేజులు రాసే మనిషి, డెబ్భై ఏళ్లవాడు. పాత దస్తావేజు ఏదైనా వస్తే దాన్ని ఆయన చదివి చెప్తూ ఉంటే ఆమె టైపు చేసేది. అవన్నీ గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా ఒక అక్షరం తోకకు ఇంకో అక్షరం తగిలించుకుంటూ పోతారు. మాటకూ మాటకూ మధ్య సందుండదు. తెలియనివాళ్లకు అది ఎండిన తీగలాగా కనిపిస్తుంది. ఒకరోజు ఆయన ఒక మాట దగ్గర ఆగి కళ్లద్దాలు తుడుచుకుంటుంటే, జబీనా పక్కనుంచి తొంగి చూసి ‘‘చతుస్సీమలు’’ అంది.

వీరభద్రయ్య ఆమె ముఖం వైపు చూశాడు. ‘‘యాడ నేర్చుకుంటివి పాపా?’’

‘‘మీరు చదువుతాంటే చూసి చూసి సార్.’’

అప్పట్నుంచి ఆయన మనసుపెట్టి నేర్పాడు. ‘వ’కూ ‘న’కూ తేడా ఎట్లా పట్టాలి, ‘సదరు’ అన్నదాన్ని ఎట్లా ముడిచేస్తారు, నూరు వరహాలకు ఏ గుర్తు వేస్తారు, అన్నీ. తన కొడుకులెవరూ ఈ రాత వైపు చూడలేదని, తనతో ఇది పోతుందనుకున్నానని ఒకసారి అన్నాడు. ఆ మాట జబీనా మరిచిపోలేదు.

నాలుగేళ్ల కిందట వాణి మేడమ్ ఆ షాపుకు వచ్చింది. ఆమె నంద్యాలలోనే ఒక కాలేజీలో తెలుగు లెక్చరర్. హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థ ఈ ప్రాంతపు పాత ఊరి లెక్కలను, వాటినే దండకవిలెలంటారు, కంప్యూటర్‌కు ఎక్కిస్తోంది. ఆ పనికి ఇక్కడ చూసుకునే మనిషి ఆమే. తెలుగు తప్పు లేకుండా కొట్టగలిగేవాళ్లు కావాలంది. షాపు యజమాని పోనివ్వకూడదనుకున్నాడు గానీ జబీనా పోయింది.

కాలేజీ లైబ్రరీ పక్కన పాత స్టోర్ రూములో నాలుగు కంప్యూటర్లు పెట్టారు. నలుగురు ఆడవాళ్లు. పని ఇదీ: తెర మీద ఎడమవైపు పాత కాగితం ఫోటో ఉంటుంది. కుడివైపు అదే పుటలోని మాటలు, హైదరాబాదులో ముందే టైపు చేసి వెబ్‌సైటులో పెట్టినవి, ఉంటాయి. ప్రతి పంక్తికీ ముందూ వెనకా కోణపు బ్రాకెట్లలో ఒక గుర్తు, ఒక నంబరు. వీళ్లు ఫోటోలో ఒక్కో పంక్తి చుట్టూ పెట్టె గీయాలి. ఆ పెట్టెను టైపు చేసిన పంక్తి నంబరుతో ముడివేయాలి. అప్పుడు చదివేవాళ్లు ఇటు మాట మీద నొక్కితే, అటు ఫోటోలో రెండు వందల ఏళ్ల కిందటి చేతిరాత పసుపుపచ్చగా వెలుగుతుంది. వీళ్ల నోట ఆ పని పేరు ‘బాక్సులు కొట్టేది’.

మిగతా ముగ్గురికీ అది గీతలు గీసే పని. జబీనాకు మాత్రం గీసే ప్రతి పంక్తీ చదివితే గానీ చేయి కదిలేది కాదు. ఏ ఊళ్లో ఎన్ని మగ్గాలున్నాయి, ఏ ఏడు వాన పడలేదు, ఎవరి గొర్రెలు ఎవరి చేలో పడ్డాయి. సాయంత్రం ఇంటికి పోయి వాజిద్‌కు ఆ ఊళ్ల కబుర్లు మొన్న జరిగినట్టే చెప్పేది. ఒకసారి ఆళ్లగడ్డ పోయినప్పుడు నాన్నకు ఫోనులో చూపించింది. నూర్ బాషా మాట మీద వేలు పెట్టి, రాత వెలగడం రెండు మూడుసార్లు చూశాడు.

‘‘బాగుండాది’’ అన్నాడు. ‘‘ఎవురు చూస్తారుమ్మా దీన్ని?’’

‘‘దేశమంతా చూస్తారు నాయనా.’’

‘‘చూసి?’’

జబీనా ఫోను తీసుకుని ఇంకో పుట తెరిచింది.

తొమ్మిదో కట్టలో మద్దులబావి అనే ఊరి లెక్క వచ్చింది. రుద్రవరం వైపు చిన్న ఊరు. నలభై ఒకటో పుట. టైపు చేసిన పాఠంలో ఇరవై రెండు పంక్తులున్నాయి. ఫోటోలో జబీనా గీసిన పెట్టెలు ఇరవై మూడు వచ్చాయి. తప్పు గీశాననుకుని చెరిపి మళ్లీ గీసింది. మళ్లీ ఇరవై మూడే. అప్పుడు ఒక్కొక్క పంక్తీ చదువుకుంటూ వచ్చింది. పదమూడు దాకా రెండూ కలిశాయి. ఫోటోలో పదమూడు, పద్నాలుగు, పదిహేను ఇట్లా ఉన్నాయి:

‘పడమటి వీధివారికి నీళ్లకు యిబ్బందిగా వుండగా ఆ స్థలమందు

దూదేకుల హుసేనమ్మ తన చేను విక్రయించి బావి తవ్వించినది ఆ స్థలమందు

చెన్నిశెట్టి మెట్లు కట్టించి గిలక వేయించి ధర్మం చేసెను’

టైపు చేసిన పాఠంలో నడిమి పంక్తి లేదు.

ఆమె ఆ పంక్తిని పెద్దది చేసి చూసింది. ‘దూదేకుల.’ తన కులం పేరు ఈ కాగితాల్లో ఇంతకుముందు కూడా కనిపించింది గానీ, పన్ను కట్టనివాళ్ల జాబితాలోనే కనిపించింది. ఇక్కడ ఒక ఆడమనిషి చేను అమ్మి బావి తవ్వించింది. జబీనా ఆ పంక్తిని మళ్లీ మొదట్నుంచి చదివింది. పక్క సీటు ఆమెకు చూపిస్తే ‘‘బాక్సు ఎక్కువొచ్చిందా, తీసెయ్’’ అంది.

మర్నాడు ఆ ఫోటో పెద్ద కాగితం మీద ప్రింటు తీసుకుని వీరభద్రయ్య దగ్గరికి పోయింది. ఆయన ఎండలోకి తెచ్చి పట్టుకుని, వేలు ఆనిస్తూ చదివాడు. ఒక్క అక్షరం దగ్గర కూడా ఆగలేదు.

‘‘హుసేనమ్మే’’ అన్నాడు. ‘‘ఇంగో సంగతి చూడు పాపా. పై వరసా ‘ఆ స్థలమందు’ అనే అయిపోతాంది, నడిమి వరసా అట్లనే అయిపోతాంది. దీన్ని చూసి కాపీ రాసినోడు పై వరస రాసి, తలకాయెత్తి కలం ముంచుకున్యాడు. మళ్లా చూసేటప్పుటికి కన్ను కిందికి జారింది. నడిమిది పాయ. మా ఆఫీసులో ఇట్లాటివి ఎన్ని చూసినానో.’’

‘‘అయితే మాకు టైపు చేసిచ్చింది ఆ కాపీ చూసేనా?’’

‘‘అంతే కదా. ఇది చదివేటోళ్లు యాడుండారు?’’

జబీనా కాళ్లు నేలమీద ఆనకుండా కాలేజీకి పోయింది. ఆ పంక్తిని తానే టైపు చేసింది, నంబరు వేసింది, పెట్టెతో ముడివేసింది. ఏం జరిగిందో నాలుగు మాటల్లో రాసి హైదరాబాదుకు పంపింది.

మూడు వారాలకు ఫైలు వెనక్కి వచ్చింది, ఆమె టైపు చేసిన పంక్తి తీసేసి. వాణి మేడమ్ ఆమెను తన గదికి పిలిచింది. ‘‘జబీనా, వాళ్లు కాపీలో ఉండేదే పాఠం అంటాండారు. మన పని ముడెయ్యడం వరకే, పాఠంలో చెయ్యి పెట్టకూడదంట.’’

‘‘ఫోటోలో కండ్లకు కనపడతాంది కదా మేడమ్.’’

‘‘నాకు కనపడతాంది. ఆ రాత నాకూ వాళ్లకూ చదవను రాదే. పాత రాత చదవడమే పనిగా ఉండేవాళ్లు ఎవరైనా చదివి సంతకం పెడితే కలుపుతామన్యారు. నువ్వు చదివితే చాలదంట. డిగ్రీ లేదని.’’

ఆ చివరి మాట మేడమ్ కిటికీ వైపు చూస్తూ అంది. జబీనాకు కోపం రాలేదు. సంతకం పెట్టే మనిషి ఉన్నాడు కదా అనుకుంది.

ఆ వారంలోనే ఆళ్లగడ్డ నుంచి నాన్న ఫోన్ చేశాడు. మాటల్లో మాటగా, మద్దులబావిలో పాత బావి పూడిక తీస్తాండారని చెప్పాడు. ఆళ్లగడ్డలో ఇనుప సామాన్ల షాపున్న జయప్రకాష్ చేయిస్తున్నాడట. వాళ్ల వంశంలో పెద్దాయన ఎవరో ఆ బావి కట్టించినాడని ఇంటర్నెట్లో పడిందట. పేరు చెక్కించి రాయి పాతిస్తారట.

జబీనా ఆ సాయంత్రమే రిజిస్ట్రారాఫీసు దగ్గరికి పోయింది. వీరభద్రయ్య ఆమె తెచ్చిన కాగితం చూడకుండానే పక్కన పెట్టాడు.

‘‘నేను సంతకం పెట్టలేను పాపా.’’

‘‘ఏంది సార్, మొన్న మీరే చదివితిరి కదా.’’

‘‘మొన్న కన్ను సరిగ్గా ఆనలే. ఆ అక్షరం హుసేనమ్మో, ఉసేనప్పో, ఇంకేమో. కచ్చితంగా చెప్పలేను.’’

‘‘ఒక్క అచ్చరం దగ్గర గూడా ఆగకుండా చదివితిరి.’’

ఆయన టేబుల్ మీద స్టాంపు కాగితాలు సర్దాడు. అవి సర్దాల్సినంత చెదిరి లేవు. ‘‘జయప్రకాష్ వాళ్ల నాయన కాలం నుంచి వాళ్ల కాగితాలన్నీ నా చేతి మీదనే పోతాండాయి. నా చిన్నోనికి షాపు పెట్టిచ్చింది వాళ్లే. ఆయప్ప ఊరందర్నీ పిలిచి రాయి పెట్టుకుంటాంటే, నేను పోయి అది నీది కాదప్పా అనాల్నా?’’

‘‘ఆయప్పది కాదని ఎవురన్యారు? మెట్లు కట్టించింది వాళ్లే. ఆయమ్మ పేరు గూడా పెట్టమంటాండా.’’

‘‘నువ్వు చిన్నదానివి’’ అన్నాడు వీరభద్రయ్య. ‘‘నేను చదివినానని మాత్రం యాడా చెప్పొద్దు.’’

ఆమె కాగితం తీసుకుని లేచింది. ఆ తర్వాత ఆ వీధిన పోవడం మానేసింది. ఒకసారి డీటీపీ షాపు దగ్గర ఎదురైతే ఆయన నవ్వబోయాడు. ఆమె తల తిప్పుకుంది.

ఆదివారం ఆళ్లగడ్డ బస్సెక్కింది. రాళ్లు చెక్కే షెడ్లు రోడ్డు పక్కనే ఉంటాయి. దేవుళ్లు, నాయకులు, సింహాలు సగం సగం ముఖాలతో నిలబడి ఉంటారు. అడిగి అడిగి, పేర్లు చెక్కే శాంసన్ దగ్గరికి పోయింది. ఆ రాయి అప్పటికే చదును చేసి ఉంది. దాని మీద సుద్దముక్కతో రాత రాసి ఉంది: ‘ఈ బావిని చెన్నిశెట్టి గారు ధర్మార్థము నిర్మించిరి.’

‘‘అన్నా, దీంట్లో ఒక వరస తప్పిపోయింది’’ అని జబీనా తన కాగితం చూపించింది.

శాంసన్ ఉలి కింద పెట్టి, ఓపిగ్గా విన్నాడు. రాయి కిందిభాగం మీద జానెడు చోటు చేత్తో తడిమి చూపించాడు. ‘‘ఈడ ఇంగొక వరస పడతాదమ్మా. చెక్కేదానికి నాకు గంట పని. చెప్పాల్సినోళ్లు చెప్పాల. కాగితంలో ఏముంటే అది చెక్కేటోన్ని నేను.’’

జయప్రకాష్ దగ్గరికి నాన్నను కూడా తీసుకుపోయింది. నూర్ బాషా రానన్నాడు. ఆ ఇంటికి ముప్పై ఏళ్లు పరుపులు కుట్టిన మనిషి. చివరకు వచ్చి, షాపు మెట్ల కిందనే ఆగిపోయాడు. జయప్రకాష్ కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. మర్యాదలో లోటు చేయలేదు. ప్రింటు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

‘‘నాకు ఈ రాత రాదమ్మా. నేను ఇంటర్నెట్లో ఉండేది చూసినా. పెద్ద పెద్ద చదువులోళ్లు పెట్టింది. ఆడ నువ్వు చెప్పే పేరు లేదు.’’

‘‘దాన్ని ఎక్కించేది మేమే సార్. ఒక వరస ఎగిరిపోయింది. చూడండి, మీ పెద్దాయన మెట్లు కట్టించినాడని ఉండాది. మెట్లు కట్టాలంటే బావి ముందే ఉండాల కదా?’’

జయప్రకాష్ ఆ మాటకు కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. అది అతని ముఖంలో కనిపించింది. ‘‘సరే. ఆడ మార్పించుకోని రా. ఆడ పేరు వచ్చిన పొద్దు నేనే చెక్కిస్తా. నాకేం బాధ?’’

‘‘అంతదాకా రాయి ఆపుతారా?’’

‘‘ముహూర్తం పెట్టేసినారమ్మా. ఎమ్మెల్యేను పిలిచినాం.’’

బయటికి వచ్చాక నూర్ బాషా ముందు నడిచాడు. బస్టాండు దగ్గర నిలబడి, ‘‘ఎందుకుమ్మా మనకీ పని?’’ అన్నాడు. ‘‘మనోళ్లు బావులు తవ్విచ్చేదేంది? ఉండే పరుపు మీద పండుకోనీకె దిక్కులేనోళ్లం. ఆ రాసినోడే తప్పు రాసింటాడు.’’

జయప్రకాష్ మాట ఆమెను అంత పొడవలేదు. వీరభద్రయ్య మాట కూడా అంత పొడవలేదు. నాన్న ముఖంలో అబద్ధం లేదు. ఆయన నిజంగానే నమ్మలేకపోతున్నాడు. బస్సులో కూర్చుని ఆమె చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పక్కన కూర్చున్న ముసలామె, పుట్టింటి నుంచి పోతోందనుకుందేమో, వీపు నిమిరింది.

ఏప్రిల్లో రాయి పాతారు. బావి నీళ్లు బాగా ఊరాయట. ఊరంతా అన్నం పెట్టారట. నూర్ బాషా కూడా పోయి తిని వచ్చాడు.

జబీనా పట్టు వదల్లేదు. మళ్లీ రాసింది. పక్క పుటల ఫోటోలు జతచేసి, అదే చేతిరాతలో ‘హ’ ఎట్లా ఉంటుందో, ‘స’ ఎట్లా ఉంటుందో గీతలు గీసి చూపించింది. పై పంక్తీ నడిమి పంక్తీ ఒకే మాటతో అయిపోయాయని, కాపీ రాసినవాడి కన్ను జారిందని వివరంగా రాసింది. వాణి మేడమ్ దాన్ని చదివి, ఇంత బాగా తాను కూడా రాయలేనంది. జబీనాకు డిగ్రీ లేదన్నారు కాబట్టి తన పేరుతోనే పంపింది.

జూన్‌లో జవాబు వచ్చింది. మేడమ్ దాన్ని చదివి వినిపించలేక, తెరను జబీనా వైపు తిప్పింది. సూచనకు ధన్యవాదాలు అని మొదలుపెట్టారు. పాఠాన్ని మార్చాల్సిన అవసరం కనిపించలేదన్నారు. ‘బావి వద్ద ఉన్న శిలాఫలకం ఫోటో మాకు అందింది. ప్రస్తుత పాఠాన్ని అది బలపరుస్తోంది.’

జబీనా ఆ ముక్క రెండుసార్లు చదివింది.

‘‘మేడమ్, ఆ రాయి మొన్న ఏప్రిల్లో చెక్కింది. వీళ్లు పెట్టింది చూసి చెక్కింది. శాంసనన్న చెక్కినాడు, నేను చూసినా. సుద్దగీత గూడా పోయిండదు ఇంకా.’’

‘‘తెలుసు. అది గూడా రాసినా. ఫోన్లో చెప్పినా.’’

‘‘ఏమన్యారు?’’

‘‘ఆ వరసను ఎక్కడన్నా పెడతామంటాండారు. ‘స్థానిక కథనం’ అని ఒక మూల.’’

‘‘ఫోటోలో ఉండేది కథెట్లయితాది మేడమ్?’’

వాణి మేడమ్ కళ్లు తుడుచుకుంది. ఆమెది కూడా ఏడాదికోసారి పొడిగించే పనే. ‘‘ఆ పుట నేను సరి చేసేస్తాలే’’ అంది. ఆ సాయంత్రం పద్నాలుగో పెట్టెను మేడమే తీసేసింది. పెట్టెలు ఇరవై రెండు, పంక్తులు ఇరవై రెండు. లెక్క కుదిరిందన్నట్టు తెర మీద ఆ పుట ఆకుపచ్చగా మారింది. వెబ్‌సైటులో ఆ పుట తెరిచి పదమూడో పంక్తి నొక్కితే వెలుగుతుంది. దాని కింది చెన్నిశెట్టి పంక్తి నొక్కితే వెలుగుతుంది. మధ్యలో చేతిరాత అట్లనే, ఎవరూ పిలవని మనిషిలా ఉంటుంది. ఆ ‘స్థానిక కథనం’ ఏ మూలా రాలేదు.

ఆ ఏడు చివర్లో పని పద్ధతి మారింది. ఇంతకాలం వీళ్లు గీసిన పెట్టెలన్నీ చూపించి కంప్యూటర్‌కే గీయడం నేర్పారట. ఇక అదే గీస్తుంది. ముగ్గురు ఆడవాళ్లను పంపేశారు. నలుగురిలో అందరికంటే తక్కువ తప్పులతో గీసింది జబీనా అని, ఆమె పెట్టెలు చూసే అది ఎక్కువ నేర్చుకుందని మేడమ్ సంతోషంగా చెప్పబోయి మధ్యలో ఆగిపోయింది. జబీనాను ఉంచారు. కంప్యూటర్ గీసినచోట లెక్క కుదరకపోతే ఆ పుట ఎర్రగా వస్తుంది. దాన్ని పచ్చగా చేయడం ఆమె పని. పాత కట్టలన్నీ మొదట్నుంచి మళ్లీ ఆ యంత్రం కింద పెట్టారు.

ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున ఎర్ర పుటల్లో తొమ్మిదో కట్ట నలభై ఒకటి వచ్చింది. పంక్తులు ఇరవై రెండు. పెట్టెలు ఇరవై మూడు. యంత్రానికి హుసేనమ్మ ఎవరో తెలియదు, చెన్నిశెట్టి ఎవరో తెలియదు, ఎవరి మొహమాటమూ లేదు. సిరా ఉన్నచోటల్లా పెట్టె గీసింది. పద్నాలుగో పంక్తి చుట్టూ, తాను గీసినట్టే, రవ్వంత ఎడం వదిలి గీసింది.

కింద రాసి ఉంది: ‘ఒక పెట్టె అదనంగా ఉంది. తొలగించండి.’

జబీనా ఆ పుటను వదిలేసి మిగతావి చేసింది. మర్నాడూ వదిలేసింది. అయిదో రోజు మేడమ్ వచ్చింది. ఒక్క పుట ఎర్రగా ఉంటే కట్టంతా పైకి పోదని, కట్ట పోకపోతే వచ్చే ఏడు పని పొడిగించరని చెప్పింది. తొలగించమని మాత్రం నోరు తెరిచి చెప్పలేదు. అప్పుడు తలుపు దగ్గర నిలబడి ఉన్న మేడమ్‌లో జబీనాకు స్టాంపు కాగితాలు సర్దుతున్న వీరభద్రయ్య కనిపించాడు. ఆ మనిషి మీద ఏడాదిగా పెంచుకున్న కోపం ఒక్కసారిగా ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా పోయింది.

మేడమ్ పోయాక ఆమె ఆ పంక్తిని మళ్లీ చదివింది. గట్టిగానే చదివింది. గదిలో ఇంకెవరూ లేరు. తర్వాత పెట్టె మీద నొక్కి, తొలగించింది. ‘కచ్చితంగా తొలగించాలా?’ అని తెర అడిగింది. అవునని నొక్కింది.

పుట పచ్చబడింది. తర్వాతి ఎర్ర పుట దానంతటదే తెరుచుకుంది. నువ్వుల మీద పన్ను లెక్క అది, రెండు పంక్తుల మధ్య నీటి మరకను యంత్రం రాత అనుకుని పెట్టె గీసింది. జబీనా దాన్ని తీసేసి, ఆ తర్వాతి పుటకు పోయింది.